నీ గోల్ ఏంది?

మెట్రో కార్డు ఇందిరాదేవి పిడికిట్లో ఉంది. తలుపుకు అడ్డంగా ఇందిరాదేవి ఉంది.

"యాడికి?" అంది.

"కాలేజీకి. ఈ పొద్దే ఆఖరమ్మా. మేజర్ సబ్జెక్టు ఏదో చెప్పకుంటే సీటు పోతుంది," అంది శోభ, బ్యాగు జిప్పు లాగుతూ.

"పోనీ. పీడా పోతుంది."

ఆ అరబ్బు దేశంలో, అల్ హిలాల్ పేటలోని ఆ మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఇందిరాదేవి మాటే మాట. ఆఫీసు ట్యాగు మెడలో పడిందంటే ఇక ఇంటికి కూడా ఆమే మేనేజరు. ఆమెను పేరు పెట్టి పిలవడానికి శోభకు ఏనాడూ నోరు రాలేదు. ఆ పేరంటే అంత జంకు. ఎప్పుడూ "అమ్మా" అనే పిలుస్తుంది.

"మూడు సెమిస్టర్లు అయినాయి. ఒకసారి జియాలజీ అంటావు. ఒకసారి సైకాలజీ అంటావు. నిన్న పొద్దున ఏమన్నావు?"

"స్టాటిస్టిక్స్."

"మధ్యాహ్నానికి?"

మధ్యాహ్నానికి అదీ చప్పబడిపోయింది.

"చూసినావా? నీ గోల్ ఏందంటే గోల చేస్తావు గానీ, బదులు మాత్రం ఇక్కడోళ్ళన్నట్టు మాఫీ, లేనేలేదు! అడిగిన ప్రతిసారీ చేతులెత్తేసేదే."

శోభ బాధ కూడా అదే. ఏ పాఠమైనా మొదట్లో ప్రాణం లేచివస్తుంది. రాళ్ళకూ వయసు లెక్కగట్టొచ్చని తెలిసిన రోజు, కాగితం కప్పులో చిక్కటి యాలకుల కరక్ చాయ్ పట్టుకుని మెట్రో కిటికీ పక్కన కూర్చుని, తనలో తనే నవ్వుకుంది. చాయ్ కూడా ఆ రోజు రెండింతలు తియ్యగా ఉంది. వారం తిరగకముందే మళ్ళీ వెలితి. పెళ్ళి భోజనంలో అన్నీ రుచి చూసి, ఆకలితోనే లేచి చెయ్యి కడుక్కున్నట్టు.

మొన్న లెక్చరర్ క్లాసులో ఒక్కొక్కరినే లేపి, జీవితంలో ఏం కావాలనుకుంటున్నారని అడిగింది. షీరీన్ పైలట్ అంది. సబ్రీన్ వంతెనలు కడతానంది. శోభ లేచి, "తెలియదు మేడమ్," అంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. లెక్చరర్ నవ్వలేదు. చూపు తిప్పుకుని గబగబా పక్కనున్న అమ్మాయిని లేపింది. నవ్వుకన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

"మా ఆఫీసు వాళ్ళు చూసినారు నిన్ను ముషైరిబ్ స్టేషన్లో," ఇందిరాదేవి గొంతు పెంచింది. "ఆ షీరీన్‌తో కలిసి ఐస్‌క్రీం తింటా, పకపకా నవ్వతా! నలుగురిలో నాకు తల కొట్టేసినట్టయింది."

"ఐస్‌క్రీం తింటే తల పోతుందా?"

"ఎగతాళా? ఊళ్ళో అయితే దాపెట్టుకోవచ్చు. ఇక్కడ మనోళ్ళు గుప్పెడు మంది. ఒకరింట్లో దగ్గితే తెల్లారేసరికి అందరిళ్ళల్లో కషాయం కాస్తారు. శుక్రవారం పెళ్ళివాళ్ళు వస్తాండారు, గుర్తుందా?"

శోభకు గుర్తుంది. మదీనత్ ఖలీఫాలో విల్లా ఉన్నవాళ్ళు. పద్ధతి గల మనుషులని పేరు.

"వాళ్ళు ముందు అడిగేది నీ గురించే. ఏమని చెప్పాల? స్టూడెంటనా? ఏం చదువుతాందంటే, ఆ సంగతి తనకే తెలీదండీ అనాల్నా?"

"ఉన్నదే చెప్పు."

"ఉన్నది చెప్తే లేచిపోతారు! ఈ సంబంధం తప్పిపోయిందనుకో, మళ్ళీ నీ ముఖం చూడను. కాలేజీ మానేసిందనే చెప్తా. నువ్వు పట్టుచీర కట్టుకుని, కాఫీ ఇచ్చి, అడిగినదానికి మెల్లగా బదులియ్యి. అంతే నీ పని."

"నాన్నకు చెప్పినావా?"

"చెప్పినా. డ్యూటీకి పోతా పోతా, మీరూ మీరూ చూసుకోండి అన్నాడు."

శోభకు ఉన్న ఒక్క ఆశా అక్కడితో ఆరిపోయింది.

"ఆ కార్డు ఇటియ్యి," అంది.

"ఇయ్యను. ఎందుకు చదువుతాండారో తెలీనోళ్ళకు చదువెందుకు? ఆ షీరీన్ రేపు విమానం ఎక్కుతుంది. నువ్వు కిందనుంచి చెయ్యి ఊపుతావు. ఊపేదానికి వంటింటి కిటికీ చాలు, కాలేజీ ఎందుకు?"

శోభ ముఖం ఎర్రబడింది. ఈ మాటకు కోపం తెచ్చుకోవాలో, నిజమని ఒప్పుకోవాలో ఆమెకే తెలియలేదు. కోపమే ముందు వచ్చింది.

"నీకు అన్నీ తెలుసు కదమ్మా. నేనేం కావాల్నో కూడా నువ్వే చెప్పు."

"ఏమీ కావద్దు. ఉన్నట్టే ఉండు. అంతే చాలు."

ఉన్నట్టే.

ఆ ఒక్క మాట చెంపదెబ్బలా తగిలింది. శోభ బ్యాగు భుజానికి తగిలించుకుంది. నాలుగడుగులు ముందుకు వేసి, ఇందిరాదేవి పిడికిలి పట్టుకుంది. నొప్పి పుట్టకుండా ఒక్కొక్క వేలే విప్పి, కార్డు తీసుకుంది. భుజంతో ఆమెను పక్కకు నెట్టి తలుపు తెరిచింది.

ఇందిరాదేవి వెనకే గుమ్మంలోకి వచ్చి అరిచింది.

"ఎంత పొగరు! ఎదురింటోళ్ళు విన్నా సరే, ఆఖరిసారి అడుగుతాండా. నీ గోల్ ఏంది? చెప్పి పో!"

శోభ చెప్పులు వేసుకుంది. లిఫ్టు బటన్ నొక్కింది. అది కిందనుంచి వచ్చింది. తలుపులు తెరుచుకున్నాక లోపలికి అడుగు పెట్టి, వెనక్కి తిరిగింది.

"నిన్ను కని మా అత్త పేరు పెట్టినప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళమ్మా, నీ గోల్ ఏందని ఆ పొద్దు ఒక్కరైనా నన్ను అడిగినారా?"