యాభై దగ్గర హమ్

అమెరికాలోని ఆష్‌బర్న్‌లో అద్దెకు తీసుకున్న హాల్లో ఆ రాత్రి సౌండ్ చూసే వీరాంజనేయులు ఒక్కడే మిగిలాడు. తెల్లారితే సాన్వి నాట్యం. పాట పాడింది రాజేశ్వరమ్మ. ఆవిడ పోయి ఏడాదైంది. ఆ గొంతు మిగిలిన ఒక్క రికార్డింగూ ఈ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. దాన్ని సౌండ్ మిక్సర్‌కి కలిపితే చాలు, స్పీకర్లలో తేనెతుట్టె కదిలినట్టు హమ్.

సాన్వి తల్లి విద్య ఫోన్ చేసింది. "అంకుల్, ఇంక వదిలేయండి. వేరే సింగర్ ట్రాక్ ప్లే చేద్దాం."

"నువ్వు పడుకో తల్లీ. రేపు ఆవిడే పాడుతుంది," అని పెట్టేశాడు.

ల్యాప్‌టాప్‌నీ మిక్సర్‌నీ ఒకే ప్లగ్‌బోర్డుకి మార్చాడు. హమ్ పోలేదు. ఛార్జర్ పీకాడు. పోలేదు. అమెరికా కరెంటు హమ్ అరవై హెర్ట్జ్ దగ్గర ఉంటుంది కదా అని మిక్సర్‌లో అరవైని కోసేశాడు. అయినా అదే రొద. తెర మీద చూస్తే గీత యాభై దగ్గర నిలబడి ఉంది. యాభై అంటే మన దేశపు కరెంటు. ఇక్కడ ఏ గోడలోంచీ రాదు.

రికార్డింగు ఇండియాలో చేసింది కాబట్టి అందులోంచి వస్తోందేమోనని చూశాడు. ఇంకా ప్లే నొక్కనే లేదు. కేబుల్ పీకేశాడు. అయినా ఆగలేదు. చివరికి మిక్సర్‌కీ స్పీకర్లకీ కరెంటే తీసేశాడు.

హమ్ తగ్గలేదు. దాని మీద, పాట ఎత్తుకునే ముందు తీసే ఊపిరి వినబడింది.

కేబుల్ మళ్లీ అందుకున్నాడు.

"ఒక్క నిమిషం ఆగండమ్మా," అన్నాడు ఖాళీ వేదిక వైపు. "ఇంకా సెట్ కాలేదు."

హమ్ ఆగింది.