కుంచెడు తవుడు

“నా పేరు తవిటమ్మని రాయకండి మేస్టారూ. మార్చీయండి.”

హెడ్మాస్టరు జగన్నాధంగారి పెన్ను కాగితం మీద ఆగిపోయింది. ఆయన కళ్ళద్దాల మీంచి చూశారు. ఎదురుగా పదేళ్ళ పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. అయిదో తరగతి ప్యాసయింది. మర్నాడు చీపురుపల్లి హైస్కూల్లో చేరాలి. అక్కడ చూపించాల్సిన రికార్డు షీటే ఆయన రాస్తున్నారు. 17-6-1968 అని తేదీ వేసి, పేరు దగ్గరికి వచ్చారు.

“మరేమని రాయమంటావు?”

“నీలవేణి.”

“ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడేమొచ్చిందే?”

“మన బళ్ళో తవిటమ్మలం నలుగురం. మీరు హాజరు పిలిస్తే తవిటమ్మ ఒకటి, తవిటమ్మ రెండు అంటారు. నాను మూడు. అయిదేళ్ళూ మూడే. సీపురుపల్లిలో ఎంతమందున్నారో ఏటో! అక్కడ నాను పదమూడవ్వాలేటి?”

జగన్నాధంగారికి నవ్వొచ్చింది. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు.

“ఒకసారి రాశాక మార్చడం నా చేతుల్లో ఉండదు. సాయంత్రం దాకా ఆగుతాను. మీ అమ్మ చేత దీని మీద వేలిముద్ర వేయించుకు రా” అని చిన్న అర్జీ రాసిచ్చారు.

మరిడమ్మ పెరట్లో గేదెకి కుడితి కలుపుతోంది. కూతురు చెప్పింది విని, కాగితం వంక కూడా చూడలేదు.

“నాను ఎయ్యను.”

“ఎందుకెయ్యవు?”

“నీ ముందర ముగ్గురు పుట్టినారు. ముగ్గురూ పురిట్లోనే పోనారు. అందుకనే మీ అమ్మమ్మ ఊర్లో నువ్వు పుట్టిన పొద్దు, పక్కింటి లక్ష్మణమ్మప్ప నిన్ను సేటలో ఎట్టుకుని మా గుమ్మంలోకి తెచ్చినాది. కుంచెడు తవుడు కొలిసిచ్చి కొనుక్కున్నాను. తవుడికి కొన్నదంటే సావుకి కూడా సులకనే, ఒగ్గేసి పోతాది. ఆ పేరు తీసేస్తే బేరం తప్పినట్టే.”

పిల్లకి అది కొత్త కథేం కాదు. ఊళ్ళో ఏ తవిటమ్మని అడిగినా, ఏ తవిటయ్యని అడిగినా ఇదే చెబుతారు. బిడ్డలు దక్కని ఇంట్లో మళ్ళీ ఓ బిడ్డ పుడితే పొరుగావిడ చేతికిస్తారు. ఆవిడకి తవుడిచ్చి, ఆ బిడ్డనే తిరిగి కొనుక్కుంటారు. గుమ్మం దాటిన బిడ్డ ఆ గుమ్మంలోకే వస్తుంది. ఒక్క పేరు మాత్రం ఉండిపోతుంది. ఆ చుట్టుపక్కల అలా బతికి బట్టకట్టినవాళ్ళు ఎందరో, తవిటమ్మలు అందరు.

“బేరమే కదా నీ బాధ?” అంది పిల్ల. “అయితే ఆ బేరమే తెంపేస్తాను. లక్ష్మణమ్మ పెద్దమ్మ కాడికెళ్ళి మన తవుడు మనకిచ్చీమంటాను. అప్పుడు ఏలిముద్ర ఎయ్యకేం సేస్తావో సూస్తాను.”

“ఓలమ్మా, ఎల్లకే!”

అప్పటికే పిల్ల వీధిలో ఉంది. మరిడమ్మ కుడితి చేతులతోనే వెనకాల పడింది.

అమ్మమ్మ ఊరు గెడ్డకి ఆవలి ఒడ్డునే. మోకాలి లోతు నీళ్ళు. పరికిణీ ఎగ్గట్టి పిల్ల ఒక్క ఉదుటున దాటేసింది. లక్ష్మణమ్మ అరుగు మీద కూర్చుని చింతపిక్కలు తీస్తోంది. ఆవిడ పిల్లలు ముగ్గురు పక్కనే ఆడుకుంటున్నారు.

“పెద్దమ్మా, నన్ను అమ్మినప్పుడు మా అమ్మ నీకు కుంచెడు తవుడిచ్చినాది కదా! అది మాకు ఎనక్కిచ్చీ. బేరం వద్దు.”

లక్ష్మణమ్మ చేతిలోంచి చింతపండు జారిపోయింది.

“మీ అమ్మ అడగమన్నాదేటి?”

“కాదు. నానే అడుగుతన్నాను. పేరు నాది కదా.”

“నిజంగానే ఇచ్చీమంటావా?”

“నిజంగానే.”

లక్ష్మణమ్మ లోపలికి వెళ్ళింది. తవుడు కుండా, కుంచం తెచ్చి పిల్ల ముందు కూర్చుంది. రెండు చేతులతో తవుడు పోస్తూ పిల్ల మొహం కేసే చూస్తోంది. కుంచం నిండింది. అంచు దాటి అరుగు మీదికి పొర్లుతున్నా ఆవిడ చేతులు ఆగలేదు.

“సాలు పెద్దమ్మా, కుంచెడే” అని పిల్ల అంటూండగానే మరిడమ్మ వచ్చిపడింది. చీర ఎగ్గట్టకుండా గెడ్డలో పరిగెత్తిందేమో, నడుం దాకా తడిసిపోయింది. వచ్చీ రావడంతోనే కుంచం మీద రెండు చేతులూ బోర్లించి పట్టుకుంది.

“అప్పా, నీ కాళ్ళు మొక్కుతాను. ఇయ్యకు. దానికి తెలీక అడిగినాది.”

“అడిగింది అదే కదా మరిడీ” అంది లక్ష్మణమ్మ. “నానేటి, నోరు తెరిసి ఎప్పుడైనా అడిగానా?”

మరిడమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది. పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తల్లి భుజం పట్టుకుని, పెద్దదానిలా ధైర్యం చెప్పింది.

“ఎందుకే అలగ ఏడుస్తావు? తవిటమ్మలందరిదీ ఉత్తుత్తి బేరమే కదా. తవుడు ఎనక్కొస్తే ఏటైపోతాది? ఎవుల పిల్లలు ఆల కాడే ఉంటారు.”

లక్ష్మణమ్మ గోడ వైపు తిరిగిపోయింది. మరిడమ్మ తవుడంటిన చేతులతోనే పిల్లని గట్టిగా దగ్గరికి లాక్కుంది.

“ఆలందరిదీ ఉత్తుత్తిదేనే అమ్మా. నాకు పుట్టిన నాలుగోది కూడా పురిట్లోనే పోతే, ఈయప్ప కన్న నిన్ను నాను నిజంగానే కొనుక్కున్నాను.”