ఇద్దరికి మించి

"గడప దాటావంటే నిన్ను అరెస్టు చెయ్యాల్సొస్తుంది, చెల్లీ," అన్నాడు కానిస్టేబుల్ డుమిలే, వాకిట్లో అడ్డంగా నిలబడి.

"లోపల చావుబతుకుల్లో ఉన్నది మా అమ్మమ్మ, అన్నా," అంది జూకిస్వా.

"తెలుసు. ఆవిడ ఒకరు, ఆవిణ్ణి పట్టుకు కూర్చున్న మీ అమ్మ ఒకరు. నువ్వెళ్తే ముగ్గురు. నీ దగ్గర ఒక్క మనిషికి మించి ఉండకూడదని కాగితంలో ఉంది."

దక్షిణాఫ్రికా తెల్లదొరల సర్కారు కాగితం అది. అంత సర్కారూ పందొమ్మిదేళ్ళ పిల్లకి జడిసి రాసిచ్చింది. నెల కిందట పోర్ట్ ఎలిజబెత్ నల్లబస్తీలో ఈ పిల్ల చెయ్యెత్తితే రెండువేలమంది విద్యార్థులు బళ్ళు వదిలి వచ్చేశారు. దించితే నడిరోడ్డు మీదే కూర్చున్నారు. ఇప్పుడేమో సొంతింట్లో ఇద్దరి మధ్య కూర్చునే యోగం లేదు.

"పోనీ, అమ్మ బయటికొస్తుంది, నేను లోపలికెళ్తా. అప్పుడు ఇద్దరమేగా?"

"ఆవిడ గేటు దాటాకే నువ్వు గడప దాటాలి."

"పడుకోబెడితే అమ్మమ్మకి ఊపిరాడదన్నా. అమ్మ వదిలేసి గేటుదాకా నడిచేలోపు..."

డుమిలే వీధి చివరికి చూశాడు. జీపులో తెల్ల ఇన్‌స్పెక్టరు ఇటే చూస్తున్నాడు. "నా చేతిలో ఏముంది చెప్పు," అన్నాడు నెమ్మదిగా.

లోపల్నుంచి దగ్గు. "జూకీ ఏదే? దాన్ని పిలవ్వే," అంటోంది ముసలమ్మ.

రెండువేలమందిని నడిపించిన పిల్లకి ఆరడుగుల వాకిలి దాటే దారి కనబడలేదు. కళ్ళు తుడుచుకుంది.

"పాడితే తప్పా? చూడు, కాగితంలో ఉందేమో."

అతను కాగితం తీసి పైనుంచి కిందిదాకా చదివాడు. "పాట సంగతి లేదు."

జూకిస్వా మట్టిలో చతికిలబడి, మొక్కజొన్నలు దంచేటప్పుడు అమ్మమ్మ పాడే పాట ఎత్తుకుంది. కంచె అవతల పక్కింటామె గొంతు కలిపింది. ఆమె వెనక ఎదురింటివాళ్ళు. రెండో చరణానికల్లా వీధి వీధంతా పాడుతోంది.

జీపు కదిలింది.

ఇక లాఠీలే. జూకిస్వా గబుక్కున లేచి చెయ్యెత్తింది. అంతే, వీధంతా గప్‌చుప్. జీపు కూడా ఆగింది.

అప్పుడు తల్లి గడప దగ్గరికొచ్చి నిలబడింది. కూతురి వంక చూడలేదు.

"దాన్ని రానియ్యి నాయనా," అంది డుమిలేతో. "ఇప్పుడు లోపల నేనొక్కదాన్నే ఉన్నాను."