అడ్డకట్టె చుక్కల మంద

"మామా, నేను గూడ చూస్త!"

భోజన్న కోడలు వసంతమ్మ కాపురానికొచ్చాక నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అదే. చెరుకుతోట పక్కన మూగిన మగవాళ్లందరూ గిరుక్కున తిరిగి చూశారు.

చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన యేడు, చలికాలం. నిజామాబాదు నుంచి ఒకాయన రుద్రూరు పక్కనున్న ఆ ఊరికి వచ్చి, పగలే కొలతలు వేసి చుక్కలు చూసే పొడుగాటి గొట్టం నిలబెట్టాడు.

"చీకటి పడ్డంక మన పాలపుంత లెక్కనే ఇంకో చుక్కల మంద తనంతట తనే దీని ముందటికొస్తది," అన్నాడు.

చీకటి పడింది. మగవాళ్లు వరసగా కన్ను పెట్టి, కళ్లింత చేసుకుని చూశారు. ఒక్కరికీ ఏమీ కనిపించలేదు.

"అంత దొంగ ముచ్చట," తేల్చేశాడు భోజన్న. "మగోళ్లకు కానరానిది నీకు కానస్తదా? ఇంట్లకు నడువ్!"

"కానరాకుంటె అప్పుడు నడుస్త."

వసంతమ్మ కొంగు సవరించుకుని కన్ను ఆనించింది. అంతా నలుపే. మామ ఎదుట తలెత్తకుండా కంటికొసతోనే ఇల్లంతా కనిపెట్టే ప్రాణం ఆమెది. అలవాటుకొద్దీ ఓరగా చూసింది.

"ఉన్నది!"

"ఎట్లున్నది తల్లీ?" కొత్తాయన ముందుకు వంగాడు.

"పలుచగ, పాలమరక లెక్క. నడుమ అడ్డంగ కట్టె."

"కట్టె కొసలకు?"

"రెండు చేతులు. ఒకటి ఇటు, ఒకటి అటు వంగినయి."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

"వీడు అడుగుడు, గిది తలకాయ ఊపుడు!" భోజన్న గొట్టాన్ని ఒక్క తన్ను తన్నాడు. లోపలి అద్దం భళ్లుమంది. "నడువ్, ఊరు దాటు!"

"తెల్లారెదాక ఉండనియ్యి పటేలా. లేకుంటె సడక్ దాక ఎవరన్న నా చెయ్యి పట్టుకపోండ్రి," బతిమాలాడు కొత్తాయన.

"చుక్కలు చూపెట్టెటోనికి తొవ్వ కానరాదా?"

అందరూ పగలబడి నవ్వారు. వసంతమ్మకు ఒళ్లు మండింది. అంతమంది ఎదుటా ఆ పరాయి మగవాడి చెయ్యి పట్టుకుంది.

"నేను చూసిన మామా. నువ్వు గొట్టం తంతె నా కండ్లల్లకెంచి పోతదా?"

సడక్ దాకా నడిపించి, బోధన్ పోయే చెరుకుబండి ఎక్కించి వచ్చింది. ఆ రాత్రి ఇంటి తలుపు ఆమెకు తెరుచుకోలేదు. పశువుల కొట్టంలో పడుకుంది గానీ, చేసిన పనికి ఇసుమంతైనా చింతపడలేదు.

మర్నాడు ఆయన అక్క రాధాబాయి అద్దం పెంకులు ఏరుకుపోవడానికి వచ్చింది.

"ఏండ్లకేండ్లు తన చేతులతోని అరగదీసుకున్నడు గీ అద్దం," అంది.

భోజన్న అడ్డుతగిలాడు. "మరి తొవ్వ కానరానట్టు నాటకమెందుకాడిండవ్వా?"

రాధాబాయి వసంతమ్మ వైపు తిరిగింది. ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"మా తమ్మునికి పుట్టుక సంది రేచీకటి బిడ్డా, జన్మల వాడు చూసిన చుక్కలన్ని నిన్న నీ నోటెంట ఇన్నయే."