నల్లగుడ్డ మూట

బుడమేరు పొంగి బెజవాడ మునిగిన ఏడాది అది. గుంటూరు పాత ఊళ్ళో, ఎప్పుడో ఖాళీ చేసిన మునిసిపల్ ఆఫీసును కూల్చి షాపింగ్ కాంప్లెక్స్ కట్టబోతున్నారు. గునపాలతో వచ్చిన కూలీలు గేటు దగ్గరే ఆగిపోయారు.

"లోపల ఎవరో నడుస్తున్నారు బాబాయ్," అన్నాడు మేస్త్రి కోటేష్, బాపయ్యతో. "నిన్న లోపలికెళ్ళిన ఇద్దరూ జ్వరంతో మూలుగుతున్నారు. నువ్వు పెద్దాడివి, దిష్టి తియ్యి. మిరపకాయల ఘాటొస్తే గోడ కొడతాం. రాలేదా, లోపల ఏదో ఉన్నట్టే. మేం సత్తెనపల్లి బస్సెక్కేస్తాం."

బాపయ్య ఇడ్లీ బండి ఆ గోడకే ఆనుకుని ఉంది. గోడ పడితే బండికి ఇంకెక్కడా చోటు లేదు. వెనక సందులోని ఇంటికి గబగబా వెళ్ళాడు.

"ఏడు బ్యాడిగి కాయలు కట్టియ్యవే. రంగే గానీ కారం లేనివి."

"దేనికయ్యా?" అంది భార్య వెంకటరావమ్మ.

"దిష్టికి. ఘాటు రాకూడదు. ఉప్పేసి నల్లగుడ్డలో బిగించి కట్టు. కాయ చూసి రకం చెప్పలేనోడు ఈ ఊళ్ళో లేడు."

ఆమె లోపలికెళ్ళి మూట తెచ్చిచ్చింది.

బాపయ్య ఆ మూటను గేటు ముందు మూడుసార్లు తిప్పి, తన పొయ్యిలోంచి తీసిన నిప్పుల మీద వేశాడు. గుడ్డ కాలింది. ఉప్పు చిటపటలాడింది. కూలీలు ముక్కులెగబీల్చారు. ఒక్కడూ దగ్గలేదు. కాయలు బొగ్గయ్యాయి. లోపల ఏదో తలుపు టపీమని కొట్టుకుంది.

"ఘాటేది బాబాయ్?" కోటేష్ గొంతు వణికింది.

"నాకూ రాలేదురా అబ్బాయ్." బాపయ్య కూడా గొంతు వణికించాడు.

"ఒరేయ్, పదండ్రా!"

గునపాలు అక్కడే పడ్డాయి. వీధి చివరిదాకా ఒక్కడూ ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే బాపయ్య అదే గోడ పక్కన పొయ్యి వెలిగించి ఇడ్లీలు వేశాడు. ఈల కూడా వేశాడు. వెంకటరావమ్మ చట్నీ గిన్నె తెచ్చింది.

"అంతా పారిపోయారంటగా?"

"నీ కాయల చలవేనే," అని నవ్వాడు.

"నా మొహం కాయలు! బ్యాడిగివి ఎప్పుడో అయిపోయాయి. చెప్తే అరుస్తావని తేజా కాయలు కట్టా. ఒక్కటి కాలినా వీధంతా దగ్గి చావాలి. మరి ఏడింటికీ ఘాటు రాలేదేందయ్యా?"

గోడ అవతల తలుపు మళ్ళీ కొట్టుకుంది. ఆకు కదిలేంత గాలి కూడా లేదు.

బాపయ్య పొయ్యిలో నీళ్ళు గుమ్మరించి, ఉడకని ఇడ్లీలతోనే బండి తోసుకుంటూ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.