కోదాడ ఎదురుచూపు

“పంపినవా లేదా?” యుగంధర్ సార్ గొంతు కాలేజీ కంప్యూటర్ ల్యాబంతా వినిపించింది.

“పంపిన సార్. పోయిందనే చూపిస్తుంది నా కంప్యూటర్ల,” అంది దీవెన.

“మరి కోదాడకు రాలేదేంది?”

కోదాడ అంటే ఊరు కాదు, సార్ ముందున్న కంప్యూటర్. పక్కపక్కనున్న మూడింటికి మూడు ఊళ్ల పేర్లు పెట్టారు. దీవెన ముందున్న సూర్యాపేట తన మార్కెట్‌కొచ్చిన వడ్ల లెక్కను కోదాడకు పంపాలి. కోదాడ అది అందుకుని, తన లెక్క కలిపి మిర్యాలగూడకు పంపాలి. అందుకునేదాకా అడుగు ముందుకేయదు. ఇప్పుడు కోదాడ ‘ఎదురుచూస్తున్నాను’ అన్న మాట పట్టుకుని కూర్చుంది. దాన్ని చూస్తూ మిర్యాలగూడ కూర్చుంది. రెండింటినీ చూస్తూ హైదరాబాద్ కంపెనీ నుంచి వచ్చిన జమునా మేడం కూర్చుంది. ఈ ప్రోగ్రాం నడిస్తే దీవెనకు ఆమె దగ్గర ఉద్యోగం.

మేడంను రప్పించింది యుగంధరే. పిలిచి మరీ పరువు తీసుకున్నట్టయింది. నిన్నటిదాకా బంగారంలా నడిచిన ప్రోగ్రాం ఇది. పొద్దున ప్రిన్సిపాల్ రామలింగయ్య వచ్చి, కంప్యూటర్ల మీద పిల్లలు వరసగా అంటించిన సున్నా, ఒకటి, రెండు అంకెలు చూసి ముఖం చిట్లించాడు.

“సూర్యాపేట జిల్లా కేంద్రమాయె. దానికి సున్నా ఏందయ్యా? మేడం నవ్వుతది. ఒకటి నుంచి పెట్టు.”

యుగంధర్ సరేనని పాత అంకెల మీద కొత్త స్టిక్కర్లు అంటించాడు. వాటికి తగ్గట్టు కోదాడ ప్రోగ్రాంలో కూడా, ఎవరి నుంచి అందుకోవాలో చెప్పే అంకెను దిద్ది, మేడంకు కప్పే శాలువా కోసం బజారుకు పరుగెత్తాడు.

“మల్ల పంపు,” అన్నాడిప్పుడు.

“మల్ల కూడా పంపిన సార్.”

జమునా మేడం చల్లారిన చాయ్ పక్కన పెట్టింది. “పని రాకపోతే మేం నేర్పిస్తాం. పంపకుండానే పంపానని చెప్పే అలవాటు మాత్రం మాన్పించలేం.”

దీవెన సార్ వైపు చూసింది. మీరొక మాట చెప్పండి అన్నట్టున్నాయి కళ్లు. నాలుగేళ్లలో ఆ పిల్ల నోట ఒక్క అబద్ధం రాలేదని అతనికి తెలుసు. కానీ సిగ్గుతో చచ్చిపోతున్న మనిషికి తన పరువే ముందు గుర్తొచ్చింది.

“అప్పుడప్పుడు గిట్లనే చేస్తది మేడం,” అన్నాడు.

మేడం శాలువా కప్పించుకుని వెళ్లిపోయింది. దీవెన బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగింది.

“నాదే తప్పయి ఉంటది సార్. నా వల్ల మీరు నలుగుర్ల తల దించుకోవాల్సొచ్చింది.”

“పోనీలే బిడ్డా,” అన్నాడు పెద్దమనసు చేసుకుని. ఆమె నడిగూడెం ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది.

ల్యాబ్ మూసేముందు యుగంధర్ కోదాడ ముందు కూర్చున్నాడు. అది ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. ఎవరి నుంచి రావాలని ఉందో ప్రోగ్రాంలో వెతికాడు. ‘1’ అని ఉంది. సూర్యాపేటకు అంటించిన స్టిక్కర్ మీదా ‘1’ అనే ఉంది. అంటే పిల్ల పంపనట్టే. తానన్న మాట అప్పట్నుంచీ లోపల గుచ్చుకుంటోంది. ఇప్పుడు కాస్త తెరిపిన పడ్డాడు.

ఇక వీటితో పనేముందని స్టిక్కర్లు పీకడం మొదలుపెట్టాడు. సూర్యాపేట స్టిక్కర్ కింద పాత సున్నా బయటపడింది. మిర్యాలగూడ కింద రెండు. కంప్యూటర్లకు తెలిసిన అంకెలు ఇవే, పైన అంటించిన వాటి సంగతి వాటికెవరు చెప్పారు? సున్నాకూ రెండుకూ మధ్యలో కోదాడ స్టిక్కర్ ఒక్కటే మిగిలింది. దాన్ని పీకడానికి అతనికి చెయ్యి రాలేదు.

ఇంతసేపూ కోదాడ ఎదురుచూసింది కోదాడ కోసమే.