వంతెన దగ్గరి కొమ్మ

కాలువ గడ్డకట్టాక మంచు పలచగా ఉన్నచోట విల్లో కొమ్మ గుచ్చడం మా ఫ్రీస్లాండ్‌లో రివాజు. దాన్ని దాటి ఎవరూ స్కేట్లతో వెళ్లరు. అబద్ధానికి ఎవరూ గుచ్చరు. వంతెన దగ్గర ఏటా నా భర్త వీబె గుచ్చుతాడు. ఏటా నేను అక్కడే వెనక్కి తిరుగుతాను.

ఈరోజు పక్కింటి హిల్కె ఆ కొమ్మ అవతలి నుంచి జారుకుంటూ వచ్చింది.

"ఆగు పిన్నీ, మునిగిపోతావ్!" అని అరిచాను.

"ఇక్కడ గుర్రబ్బండి తోలొచ్చే, పిచ్చిదానా! మలుపులో నీ మొగుడూ నీ చెల్లెలూ చేతులు పట్టుకుని ఎంత ముచ్చటగా తిరుగుతున్నారో! నువ్వు రాలేదేమంటే, నీకు మంచు భయమన్నాడు."

నాకు మంచు అంటే ఏనాడూ భయం లేదు. వీబె గుచ్చిన కొమ్మ అంటేనే.